అడుక్కి దిగని నూనె

హైదరాబాదు నుంచి తెనాలిలో పుట్టింటికి వెళ్లిన ప్రతిసారీ సూర్యాపేట మీదుగానే వెళ్లాను. బస్సు ఆగడం, టీ తాగడం, డ్రైవరు హారన్ కొడితే సగం గ్లాసు పారబోసి పరిగెత్తడం. నాకు తెలిసిన సూర్యాపేట అంతే. ఈసారి బ్యాగుతో సహా దిగుతుంటే కండక్టరు కంగారుపడి, "అమ్మా, విజయవాడ ఇంక శాన దూరముంది" అన్నాడు. తెలుసు నాయనా అని దిగిపోయాను.

దిగడానికి కారణం ఒక చిన్న సీసా.

నేను బాలానగర్‌లో ఒక వర్క్‌షాపులో కెమిస్టుని. అయస్కాంతానికి లొంగే నూనె, అయస్కాంతపు రబ్బరు చేస్తాం. ఇనుముతో చేసిన నల్లపొడిని కంటికి అందనంత సన్నగా తయారుచేసి నూనెలో కలుపుతాం. ఊరికే కలిపితే ఆ రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుని ముద్దలై అడుక్కి దిగిపోతాయి. అందుకని వేడి మీద ఉండగానే ఓలిక్ ఆమ్లం వేస్తాం. అది ఒక్కో రేణువు చుట్టూ జిడ్డు తొడుగులా అంటుకుని పక్కదాన్ని దగ్గరికి రానివ్వదు. ఇక ఆ నూనె ఏళ్ల తరబడి నల్లగా అలాగే ఉంటుంది, తేరుకోదు. అయస్కాంతం దగ్గరికి తెస్తే మాత్రం ముళ్లు ముళ్లుగా లేచి నిలబడుతుంది. మొదటిసారి చూసినవాళ్లు తప్పకుండా ఒక అడుగు వెనక్కి వేస్తారు.

ఆ ఆమ్లాన్ని మా షాపులో అందరం "తోడు" అంటాం. పాలు పూర్తిగా చల్లారకముందే తోడు వేసినట్టు దీన్నీ అదను చూసి వేయాలి కాబట్టి ఎవరో పెట్టిన పేరు. నిజానికి పాలల్లో తోడు గడ్డకట్టిస్తుంది, మా తోడు గడ్డకట్టనివ్వదు. పేరులో ఏముందిలే అని వదిలేశాం.

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు ఫిట్టరు దాసు. తిరిగే ఇరుసులోకి దుమ్ము పోకుండా మా నూనెతో అడ్డు కట్టడం నేర్చుకోవడానికి మా దగ్గరికి వచ్చాడు. వెళ్లేటప్పుడు ముచ్చటపడి ఒక చిన్న సీసాడు నూనె అడిగి పట్టుకెళ్లాడు. ఆ తర్వాతి వానాకాలంలో డ్యూటీ దిగి త్రిపురారంలో ఇంటికి పోతూ కాలువలో గల్లంతయ్యాడు. బండి గట్టు మీద దొరికింది. మనిషి దొరకలేదు.

ఏడాది దాటాక అతని భార్య సుగుణకు అన్న అయిన యాకోబు ఫోన్ చేశాడు. సూర్యాపేట పక్కన మోతెలో టీచరు.

"మేడం, మా చెల్లెకు తలనొప్పి. ఒక కన్ను మసక వడుతున్నది. ఎమ్మారై తీస్తేనే ఏందో తెలుస్తదంటున్నడు డాక్టరు. రెండుసార్లు తలుపు దాక పోయి మర్లొచ్చింది. మీ నూనె సీస ఇడిసిపెట్టి లోపలికి పోదంట. 'తోడున్నంత కాలం అడుక్కు దిగదు' అని మా బావ చెప్పిండంట. గందుకే దాని పక్కనుంచి లేవది. నేను వట్టుకుంటనన్నా ఇయ్యది. మీరొచ్చి ఒక్క మాట చెప్పుండ్రి."

వెనక నుంచి ఒక ఆడగొంతు, "దిగిండా అంటే ఏం చెప్తరు?" అంది. లైను గరగరలాడుతోంది. 'దిగిందా' అని విన్నాను నేను. ఆ తోడు వేరు, ఈ తోడు వేరు అని చెప్పడానికి ఎంతసేపు, ఎలాగూ కోదాడలో పనుంది కదా అనుకున్నాను. అంత తేలిగ్గా అనుకున్నాను.

సూర్యాపేట: అతుక్కున్న చిల్లర

బస్టాండు ఎదుట హోటల్లో ఇడ్లీ తిన్నాను. మా తెనాలిలో ఇడ్లీకి అల్లప్పచ్చడి లేకపోతే యుద్ధాలే. ఇక్కడ పల్లి చట్నీ, మీద ఎర్ర కారప్పొడి. నోరు మండింది గానీ వదలబుద్ధి కాలేదు. గల్లా దగ్గర కూర్చున్న పెద్దావిడ చిల్లర నా చేతిలో పెట్టబోయింది. రూపాయి బిళ్లలు ఆమె వేళ్ల నుంచి ఎగిరి నా బ్యాగుకు టప్పున అతుక్కున్నాయి.

బ్యాగులో నా పెద్ద అయస్కాంతం ఉంది. అదే చెప్పాను. ఆమె వినలేదు.

"తీస్కపో బిడ్డ, నీ పైసలు నీ సంచే వట్టుకున్నది" అని చెయ్యి చీరకొంగుకు తుడుచుకుంది. నా వెనక నిలబడ్డవాళ్లు కొంచెం పక్కకు జరిగారు. నవ్వుతూ బిళ్లలు ఒక్కొక్కటే పీక్కున్నాను, నవ్వినది నేనొక్కదాన్నే.

యాకోబు వచ్చి నన్ను స్కానింగ్ సెంటరుకు తీసుకెళ్లాడు. సన్నగా, ఇస్త్రీ చొక్కాలో, ప్రతి మాటకూ ముందు గొంతు సవరించుకునే మనిషి. మెషీను చూసుకునే అమ్మాయి పేరు కవిత. సీసా సంగతి ఎత్తగానే రెండు చేతులూ అడ్డంగా ఊపింది.

"జడపిన్నే పోనియ్యం మేడం. గా సీస లోపలికి పోతే పోయి మెషీనుకే తల్గుతది. పేషెంటు మొఖం మీదికెళ్లి."

అది నిజం. ఆ గదిలో ఉన్నది మామూలు అయస్కాంతం కాదు. నా నూనెను అందులోకి పంపడానికి నేనే ఒప్పుకోను. అంటే సుగుణ సీసాను వదలాలి, లేకపోతే కన్నును వదలాలి. యాకోబు బయట మెట్ల మీద కూర్చుని, "కన్నే పోతదో, పాణమే పోతదో" అని ముఖం తుడుచుకున్నాడు. అప్పటిదాకా ఇది నాకు ఒక తమాషా కథలా ఉంది. ఆ మెట్ల మీద అలా ఉండటం మానేసింది.

కోదాడ: ఒక పక్క లాగే రబ్బరు

మర్నాడు కోదాడ. ఇక్కడికి రాగానే చెవికి పుట్టింటి గాలి తగులుతుంది. మా రబ్బరు షీట్లు కోసి మిల్లులకు అమ్మే సత్యంగారు నన్ను చూడగానే మొదలుపెట్టాడు.

"ఇదేంటండీ మేడంగారూ, ఈ షీటు ఒక పక్క లాగుద్ది, ఒక పక్క లాగదు! మిల్లోళ్లు నన్ను తిడుతున్నారండీ."

రబ్బరులో పొడి సమంగా కలవకపోతే అంతే. పిండిలో ఉప్పు ఒక మూలే పడ్డట్టు. మరలో ఇంకాస్త నలగాల్సింది. ఎక్కడ తక్కువైందో చూద్దామని షీటును నేల మీద పరిచి ఇనుప రజను చల్లాను. రజను గీతలు గీతలుగా సర్దుకుంది. ఒక్కచోట మాత్రం సర్దుకోలేదు. రజను అక్కడ నిలవక చుట్టుపక్కలకు జరిగింది. మధ్యలో ఖాళీ మిగిలింది. తల, భుజాలు, నడుము. మనిషి పక్కకు తిరిగి పడుకున్నంత ఖాళీ.

సత్యంగారు వంగి చూశాడు. చీపురు తెచ్చి ఊడ్చేశాడు. "కలవలేదు, అంతేగా?" అన్నాడు. అంతే అన్నాను. మధ్యాహ్నం వాళ్లింట్లో గోంగూర పప్పు, ఊరమిరపకాయలు. మా అమ్మ చేతి వంటలా ఉంది, అయినా ఇద్దరం ఎక్కువ తినలేదు. బస్సుల్లో చిల్లర గొడవ వద్దని నా అయస్కాంతాన్ని ఆయన దగ్గరే వదిలేశాను. ఈ మాట గుర్తుంచుకోండి.

మిర్యాలగూడ: వాలిన ముళ్లు

మిర్యాలగూడ వాసనతో ముందే తెలుస్తుంది. ఉడికిన వడ్ల వాసన, ఊక బూడిద. లాడ్జిలో తెల్ల దుప్పటి దులిపితే నల్లటి నుసి రాలింది. టీ పది రూపాయలు, గ్లాసు పెద్దది, చక్కెర ఇంకా పెద్దది.

దాసు పనిచేసిన మిల్లుకు వెళ్లాను. బియ్యం జారే తొట్టి లోపలివైపు మా రబ్బరు అతికించి ఉంది, వడ్లతో వచ్చే మేకుల ముక్కలూ తీగల తుంపులూ పట్టుకోవడానికి. అతికించింది దాసే. ఆ తొట్టి దగ్గర పనిచేసే నర్సింహ నన్ను పైకి ఎక్కించి చూపించాడు.

"దాసన్న ఉన్నప్పుడు గీ ఇనుప ముక్కలు సక్కగ నిలవడేటియి మేడం. ఇప్పుడు సూడుండ్రి, అన్ని ఒక్క దిక్కే వాల్తయి. తుడిసినంక గూడ మల్ల గట్లనే."

నిజంగానే సన్న ముళ్లన్నీ ఒకే వైపు వంగి ఉన్నాయి. బియ్యం జారే ఒరవడికి వంగుతాయి అని చెప్పాను.

"బియ్యం గిటు జారుతయి" అని నర్సింహ కుడివైపు చూపించాడు. ముళ్లు ఎడమవైపు ఉన్నాయి. "గటు దిక్కు ఏముంది?" అని అడిగాను. ఎందుకడిగానా అని నన్ను నేనే తిట్టుకున్నాను.

"త్రిపురారం. కాలువ" అన్నాడు.

త్రిపురారం: "ఉన్న"

సుగుణ ఇంట్లో లేదు, నాట్లకు పోయిందన్నారు. మోతె నుంచి వచ్చి కలిసిన యాకోబూ నేనూ కాలువ గట్టు దిగి పొలానికి వెళ్లాం. నీళ్లు నిండుగా, చప్పుడు లేకుండా పోతున్నాయి. మా కృష్ణ కాలువల పక్కనే పెరిగినదాన్ని, నీళ్లకు భయపడే మనిషిని కాదు. అయినా గట్టు లోపలి అంచున నడిచాను.

మడిలో ఆడవాళ్లు వరసగా వంగి నాట్లు వేస్తున్నారు. గట్టు మీద ఒక తువాలు, తువాలు మీద మా సీసా. ఎండలో కూడా లోపల చీకటిగా ఉంది.

నాట్ల పాటలు వినాలని నాకు ఎప్పటి నుంచో ఉంది. ఇక్కడ పాట లేదు. వరసలో ఒకామె తలెత్తి, సీసా వైపు చూసి, "ఉన్న" అంది. మళ్లీ వంగింది. కాసేపాగి పక్కామె తలెత్తి "ఉన్న" అంది. ఆ తర్వాత ఇంకొకామె. సీసా ఒంటరిగా ఉండకుండా వంతులు వేసుకున్నారన్నమాట. ఎవరూ నవ్వడం లేదు. అది వాళ్లకు ఎప్పుడో అలవాటైపోయింది, నాగలికి ఎద్దుల్లా. మిట్టమధ్యాహ్నం, ఆకాశంలో మబ్బు కూడా లేదు, నేను మాత్రం కొంగు భుజాల చుట్టూ కప్పుకున్నాను.

సుగుణ బురద కాళ్లతో గట్టెక్కింది. ముప్పై దాటి ఉండవు. ఎడమ కన్ను సగం మూసుకునే చూస్తోంది. ముందు సీసాను ఎత్తి ఎండకు పట్టి చూసి, తర్వాత నన్ను చూసింది.

"మీరే చెప్పుండ్రి మేడం. ఇంక దిగలే గద?"

"లేదమ్మా, దిగదు అది" అన్నాను. నేను 'అది' అన్నప్పుడు ఆమె ముఖంలో ఏదో చిన్నబోయింది. పక్కనున్న ముసలామె నా చెవిలో, "దిగిండా అని అడుగుతది మేడం, దిగిందా అని కాదు" అంది. మగవాడైతే మా వైపు 'దిగాడా' అంటాం, ఇక్కడ 'దిగిండా'. ఫోన్‌లో గరగర మధ్య ఆ ఒక్క అక్షరాన్ని నేను వదిలేశాను. మొదటి నుంచీ ఆమె నూనె గురించి అడగడం లేదు. దాసు నీళ్ల అడుక్కి దిగాడా అని అడుగుతోంది. పాస్టరుగారు జ్ఞాపకార్థ కూటం పెడదామన్నా అందుకే ఒప్పుకోలేదట.

ఇంటికి తీసుకెళ్లి అన్నం పెట్టింది. పచ్చిపులుసు, పప్పు, ఎండుచేపల వేపుడు. మా ఇళ్లల్లో పులుసంటే కాగాల్సిందే. ఇక్కడ చింతపండు నీళ్లలో ఉల్లిపాయ, మిరపకాయ నలిపి కాచకుండానే పోశారు. బ్రహ్మాండంగా ఉంది, రెండుసార్లు అడిగి వేయించుకున్నాను. సీసాకు కూడా ఒక పీట వేసి ఉంది.

తిన్నాక నా పాఠం మొదలుపెట్టాను. రేణువులు, తొడుగు, ఆ తొడుగును మేం తోడు అని పిలవడం. ఆమె ఓపికగా అంతా వింది.

"తెల్సు మేడం. ఆయన గూడ గిదే చెప్పిండు. ఒక్కొక్క రవ్వకు ఒక తోడు. తోడు పోతె దిగుతది. మరి నేను తోడుంటె తప్పేంది?"

కెమిస్ట్రీలో నాకు జవాబు ఉంది. ఆ పీట ముందు దాన్ని పక్కన పెట్టాను.

"నువ్వు లోపలికి వెళ్లు. బయట నేను కూర్చుంటాను" అన్నాను.

"మీకు నమ్మకం లేదు గద."

"నమ్మకం లేకపోయినా కూర్చోవడం వచ్చు నాకు."

సీసాను పీట మీంచి తీసి ఒళ్లో పెట్టుకుంది. చివరికి, "ఫోను సూడొద్దు. మాట్లాడియ్యాలె. ఊకె సూస్తె సాలదు" అంది.

మళ్లీ సూర్యాపేట: నడవాలో కుర్చీ

కవిత మట్టెలు, గాజులు, మెడలో పుస్తెలు అన్నీ తీయమంది. పుస్తెల దగ్గర ఆగిపోతుందేమోనని భయపడ్డాను. చకచకా తీసి రుమాల్లో కట్టి అన్న చేతిలో పెట్టింది. సీసాను మాత్రం మరోసారి వెలుగుకు పట్టి చూసింది. రెండు చేతులతో నా ఒళ్లో పెట్టింది, పసిపిల్లను అందించినట్టు. తలుపు మూసుకుంది.

యాకోబు మందుల కొట్టుకు వెళ్లాడు. నడవాలో నేనూ సీసా. గోడ అవతల మెషీను టకటకా కొట్టుకోవడం మొదలుపెట్టింది. మొదట కాసేపు సిగ్గేసింది. ఎవరూ లేరు కదా అని మెల్లగా, "ఉన్నా" అన్నాను. కాసేపటికి మళ్లీ అన్నాను. తర్వాత సిగ్గు పోయింది.

అప్పుడు చూశాను. నూనె అంచు సమంగా లేదు. సీసా లోపల గోడ వైపు చిన్న గుబ్బలా లేచింది. గుబ్బ మీద సన్నటి ముల్లు. అయస్కాంతం గోడ అవతలే ఉంది, లాగుతోంది, అంతే అని నాకు నేను చెప్పుకున్నాను. అటుగా కవిత వస్తే అడిగాను.

"ఈడిదాక రాదు మేడం. గోడలల్ల మొత్తం కవచమేసిన్రు. నా చేతి గడియారం సూడుండ్రి, గీడ మంచిగనే నడుస్తది" అని వెళ్లిపోయింది.

నా అయస్కాంతం కోదాడలో ఉంది. నా దగ్గర ఇంకో అయస్కాంతం లేదు. వాచీ తీసి పక్కన పెట్టాను, తాళాలు దూరంగా విసిరాను. గుబ్బ అలాగే ఉంది. "ఉన్నా" అన్నాను, ఈసారి నా కోసం.

టకటక ఆగింది. మా ఎదురుగా ఉన్న తలుపు తెరుచుకుంటుందని చూస్తున్నాను. సీసాలో నూనె గోడ వైపు నుంచి మెల్లగా దిగి, చుట్టూ పాకి, నా కుడివైపు లేచింది. తల తిప్పి చూశాను. కుడివైపు ఖాళీ నడవా, ఆ చివర ఒక మూసిన తలుపు. అది తెరుచుకుంది. వాళ్లు సుగుణను వెనక గది నుంచి ఆ దారిన బయటికి తెచ్చారు.

వచ్చి నా ఎదుట నేల మీద కూర్చుంది. సీసాను చూసింది, నన్ను చూసింది, సీసా మీదున్న నా చేతులు పట్టుకుంది. నూనె అప్పటికి మామూలు నూనెలా సమంగా ఉంది. నాకేం కనబడిందో నేను చెప్పలేదు.

"సల్లగైనయి మేడం మీ చేతులు" అంది. "నాకు మొదట్ల గట్లనే అయ్యేటియి."

ఇల్లు, మళ్లీ దారి

కంటి వెనక చిన్న గడ్డ ఉందన్నారు. హైదరాబాదులో ఆపరేషన్, ఆలస్యం చేయకపోతే చూపు దక్కుతుందన్నారు. సుగుణ ఒప్పుకుంది. సీసా నా దగ్గర ఉండాలన్న ఒక్క షరతు మీద.

సీసా మా ఇంటికి వచ్చింది. మా ఆయన రెండు రోజులు ఎగతాళి చేశాడు. మూడో రోజు నేను స్నానానికి వెళ్తుంటే, పేపరు మీంచి తలెత్తకుండా, "ఉన్నాన్లే" అన్నాడు.

ఆపరేషన్ రోజునే తెనాలిలో మా మేనకోడలి పెళ్లికి ప్రయాణం. తప్పదు. సీసాను ఒళ్లో పెట్టుకుని అదే విజయవాడ బస్సెక్కాను. సూర్యాపేటలో బస్సు టీకి ఆగింది. అందరూ దిగారు. పల్లి చట్నీ వాసన కిటికీలోంచి వస్తోంది. నేను లేవలేదు.

ఫోన్ మోగింది. యాకోబు నంబరు. అవతల సుగుణ, మత్తు ఇంకా దిగని బరువు గొంతు. కన్ను ఎలా ఉందని అడగబోయాను. ఆమే ముందు అడిగింది.

"మేడం... దిగిండా?"

సరిగ్గా అప్పుడే కండక్టరు మెట్ల మీంచి తొంగి చూశాడు. "దిగలేదా అమ్మా?"

దిగాడనాలన్నా, దిగిందనాలన్నా, దిగాననాలన్నా మన తెలుగులో ఎవరో ఏమిటో తేల్చి చెప్పాలి. కాదనేటప్పుడు మాత్రం ఆ బాధ లేదు. అతనికైనా, నూనెకైనా, నాకైనా ఒకటే మాట.

సీసాను కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకుని, "దిగలేదు" అన్నాను.